మెరుగుపరచమంటారా?

కోరల్ పెంగెల్లీ కంప్యూటరు మీద చెయ్యి చేసుకోవడం ఆ వారంలో అది మూడోసారి. మొదటి రెండుసార్లూ అరచేత్తోనే సరిపెట్టింది. ఈసారి పాత టెలిఫోన్ డైరెక్టరీ అందుకుని దాని నెత్తిన ఒక్కటిచ్చింది. తెర ఓసారి రెపరెపలాడి, ఏమీ జరగనట్టు మళ్లీ అదే ప్రశ్న అడిగింది: "మీ రచనను మెరుగుపరచమంటారా?"

"నీ మొహం మెరుగుపరుచుకో," అంది కోరల్.

అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదంటారు. ఈ ప్రోగ్రాము అడక్కుండానే వడ్డించేది, వద్దంటే ఇంకో గరిటె వేసేది. తెరవగానే "ఈరోజు ఏం తయారుచేద్దాం?" అని పలకరింపు. కింద వరసగా పెళ్లిపిలుపులు, పుట్టినరోజు కార్డులు, హోటల్ మెనూలు. ఉత్త తెల్లకాగితం కావాలంటే మాత్రం ఆ సంతంతా దాటి పక్కకు పోయి వెతుక్కోవాలి. పైన నాలుగు వరసల బొత్తాలు, వాటిలో ఆమెకు పనికొచ్చేవి మూడు. ఒకటి అని అంకె వేస్తే రెండూ మూడూ తానే వేసుకునేది. ఒక పేరాను కాస్త కిందికి జరిపితే మిగతా పేజీ అంతా అలిగి పక్కకు పోయేది. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, నాలుగు మాటలు రాయడానికి ఇంత అట్టహాసం ఎందుకో ఆమెకు అంతు పట్టలేదు.

పోనీ రాయడం రాని మనిషా అంటే అదీ కాదు. టల్లేరీ ఊరి వారపత్రిక మూతపడేదాకా ముప్పై ఒక్క ఏళ్లు అందులో టైపు చేసింది. ఎదుటివాడు ఎంత వేగంగా మాట్లాడినా షార్ట్‌హ్యాండులో పొల్లు పోకుండా దించేది. మనిషి చెప్పింది చెప్పినట్టే రాయాలి, దానికి నగిషీలు చెక్కే హక్కు టైపిస్టుకు లేదు అన్నది ఆ ఆఫీసులో మొదటి పాఠం.

ఇప్పుడు ఆమె నెత్తినేసుకున్న పని కూడా అదే. టల్లేరీ ఆసుపత్రిలో ప్రసూతి వార్డు ఉంది. మూడంటే మూడు మంచాలు. మూడేళ్లుగా శని, ఆదివారాలు దానికి తాళం వేస్తున్నారు. ఇప్పుడు మొత్తంగా ఎత్తేద్దామా అని అడిలైడ్ నగరంలో ఒక సమీక్షా సంఘం కూర్చుంది. ఎత్తేస్తే, నొప్పులొచ్చిన ఆడది నూట నలభై కిలోమీటర్లు పోర్ట్ ఆల్డిన్ దాకా పోవాలి. ఊరివాళ్ల అభిప్రాయాలు శుక్రవారం సాయంత్రం ఐదు లోపల చేరాలన్నారు. ఎన్ని వచ్చాయన్నది చూసే నిర్ణయం అని కూడా అన్నారు. ఆ గడువు పెట్టినవాడెవడో గాని సరిగ్గా గోధుమ కోతల్లో పెట్టాడు. కోతల్లో ఈ ఊళ్లో ఎవడికీ నీళ్లు తాగే తీరిక ఉండదు, ఇంక కూర్చుని ఉత్తరాలేం రాస్తారు?

అందుకని కోరల్ తానే నోటు పుస్తకం పట్టుకుని వాళ్ల దగ్గరికి పోయింది. ధాన్యపు గిడ్డంగి దగ్గర కాటా ముందు లారీలు గంటల తరబడి వరసలో నిలబడి ఉంటాయి. ఊళ్లో వాళ్లందరూ దొరికేది అక్కడే. ఎండలో ఒక్కొక్క లారీ ఎక్కి, డ్రైవరు పక్కన కూర్చుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు దించుకుంది. నాలుగు రోజుల్లో ముప్పై ఎనిమిది మంది. ఆ సంఘం వాళ్ల ఫారం ఈ మాయదారి ప్రోగ్రాములో తప్ప తెరుచుకోదు గనుక దీన్ని తెచ్చి కంప్యూటర్లో పెట్టుకుంది. అన్నీ కొట్టి, రెండేసిసార్లు చదివి, మంగళవారం పంపేసింది.

పంపేముందు ఒక్క పొరపాటు చేసింది. పాతకాలపు టైపిస్టు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు.

పేజీల నిండా మాటల కింద నీలం గీతలు వంకరటింకరగా పాకి ఉన్నాయి. గీతలున్న కాపీ బయటికి పోకూడదన్నది ఆమె రక్తంలో ఇంకిపోయిన భయం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చావు వార్త పక్కన ఎడిటరు పెన్సిలుతో "వయసెంతో పెళ్లాన్ని అడుగు" అని రాసుకుంటే, దాన్ని చెరపకుండా పంపింది. అది అలాగే అచ్చయింది. ఆ విధవరాలు ఆఫీసుకొచ్చి పత్రిక బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. అప్పటినుంచీ గీత కనబడితే కోరల్‌కు ఒళ్లు జలదరిస్తుంది. ఈ నీలం గీతలు కూడా ఆ ఆఫీసు దాకా పోతాయేమోనని భయపడి, తీసే దారి వెతికింది. పైన "అన్నిటినీ పరిష్కరించు" అని ఒక బొత్తం కనబడింది. నొక్కింది. గీతలన్నీ మాయమయ్యాయి. అప్పటికే రెండుసార్లు చదివినవి కదా అని మూడోసారి చదవలేదు.

గురువారం పొద్దున తొమ్మిదింటికి ఫోను మోగింది.

"కోరల్ పెంగెల్లీ గారాండీ? నా పేరు రోవెనా, సమీక్షా సంఘం ఆఫీసు నుంచి. మీరు పంపినవి అందాయండీ. ఒక్క మాట చెబుదామని చేశాను. వాటన్నిటినీ కలిపి ఒక్క అభిప్రాయం కింద నమోదు చేశాం."

"ఒక్కటేంటమ్మా? ముప్పై ఎనిమిది పంపాను."

"పేర్లు ముప్పై ఎనిమిదేనండీ. మాటలు మాత్రం ఒకటే. ఎవరో ఒకరు రాసి ఊరందరి చేతా సంతకాలు పెట్టించిన ఉత్తరాలు వస్తుంటాయి కదా, అలాంటివి ఎన్నొచ్చినా లెక్కకి ఒకటే. రూలండీ అది."

"ఎవరి మాట వాళ్లు చెప్పారు! నేను వాళ్ల పక్కన కూర్చుని రాసుకున్నాను!"

"మీరొక్కసారి తెరిచి చూసుకోండి," అంది రోవెనా, కొంచెం జాలిగా.

తెరిచి చూసింది. మొదటిది లారీ డ్రైవరు బెవన్ నోస్కేది. అతను చెప్పింది ఇది: "నా పెళ్లానికి నొప్పులొస్తే నేను పొలంలో కోత మిషను మీదుంటా. దిగి ఇల్లు చేరేసరికే గంట. ఆపైన ఇంకో గంటన్నర తోలాలా? మీ బాబు తోలతాడా?" ఇప్పుడు అక్కడ ఉన్నది ఇది: "ప్రసూతి సేవల అందుబాటుకు సంబంధించి నా ఆందోళనను తెలియజేస్తున్నాను. ప్రయాణ దూరం ఒక సవాలుగా పరిణమించగలదు."

రెండోది చూసింది. ప్రసూతి సేవల అందుబాటుకు సంబంధించి నా ఆందోళనను. మూడోది. ప్రసూతి సేవల అందుబాటుకు సంబంధించి. ఇరవై రెండేళ్లు ఆ వార్డులో బిడ్డల్ని తీసిన మంత్రసానిది కూడా అదే, ఆమె తీసిన బిడ్డలది కూడా అదే. ముప్పై ఎనిమిది గొంతులు నొక్కి ఒక్క గొంతు చేసి పెట్టింది ఆ దరిద్రపు యంత్రం. పైగా చివర ఒక ఆకుపచ్చ టిక్కు: "స్పష్టత నూటికి తొంభై ఎనిమిది."

కోరల్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా చెయ్యి ఆగకుండా ఇరవై ఆరో పేజీకి పోయింది. అది టీగన్ షర్మర్ అనే అమ్మాయిది. ఆ పేజీ తెరుచుకునే లోపలే గుమ్మం ముందు బండి ఆగిన చప్పుడయింది.

టీగన్ తలుపు తట్టలేదు. లోపలికి వచ్చి, ఫోను కోరల్ మొహానికి ఎదురుగా పెట్టి నిలబడింది. పంపిన ప్రతి ఒక్కటీ ఎవరి పేరున ఉందో వాళ్లకు నకలు పోతుందట. ఆ సంగతీ కోరల్‌కు తెలియదు.

"ఐరిస్ ఎక్కడ?" అంది టీగన్.

కోరల్ చదివింది. "ప్రయాణ సమయంలో ప్రతికూల ఫలితం ఎదురైంది. సేవల విషయంలో సంతృప్తి చెందలేదు." అంతే ఉంది.

"సంతృప్తి చెందలేదంట. నేనేమన్నా హోటల్లో చల్లారిన కూర తిన్నానా కోరల్? నా బిడ్డ పేరు ఎక్కడుంది ఇందులో? మా అమ్మకే నేనంతా చెప్పలేదు. నీకు చెప్పాను. చెప్పింది చెప్పినట్టు రాస్తానన్నావని చెప్పాను."

"రాశాను తల్లీ. రాసింది రాసినట్టే ఉందనుకుని..."

"అనుకుని?"

"ఒక బొత్తం నొక్కాను."

టీగన్‌కు ఐదో నెల. కుర్చీ లాక్కుని, పొట్ట పట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా కోరల్‌కు అంత సిగ్గనిపించేది కాదేమో.

"నేను తగలేసిందాన్ని నేనే బాగు చేస్తాను," అంది కోరల్. ఆ అమ్మాయి ఎదురుగానే రోవెనాకు ఫోను చేసింది.

"మళ్లీ పంపొచ్చా?"

"రేపు ఐదు దాకా పంపొచ్చండీ. ఆన్‌లైనులో అయితే ఆ ఫారమే కావాలి."

"ఆ ఫారం మీద మన్ను పొయ్యా. కాగితం తీసుకోరా?"

"తీసుకుంటామండీ, కానీ..." రోవెనా ఏదో తిరగేసిన చప్పుడు. "ఎవరి కాగితం మీద వాళ్లు సంతకం పెట్టాలి. చేతికి తెచ్చివ్వాలి. ఈ మధ్య అలా ఎవరూ తేవట్లేదు."

"నేను తెస్తున్నాను."

షార్ట్‌హ్యాండు పుస్తకం ఉండనే ఉంది. కావలసిందల్లా కొట్టింది కొట్టినట్టు ఉంచే ఒక తెల్లకాగితం. ఈ ప్రోగ్రామును ఇంక ముట్టుకునేది లేదని ఒట్టేసుకుని, వేరేదాని కోసం వెతికింది. ఉచితం అన్నది ఒకటి దొరికింది. తెరిస్తే మొదటిదానికి మేనత్త కూతురిలా ఉంది, అవే బొత్తాలు, కాకపోతే ఇంకో రంగు. రెండోది ముందు నీ ఖాతా తెరువు అంది, తర్వాత పుట్టినరోజు చెప్పు అంది, తర్వాత మసకబారిన బొమ్మల్లో బస్సులెన్నో లెక్కపెట్టమంది. అరవై తొమ్మిదేళ్ల మనిషి బస్సులు లెక్కపెడుతూ కూర్చుంది. లెక్క తప్పింది, మళ్లీ మొదటికొచ్చింది. మూడోదాన్ని ప్రశాంతంగా రాసుకునేవాళ్ల కోసమే చేశారట. వెనకాల కొండ బొమ్మ, చెవుల్లో వాన చప్పుడు.

"కోతల్లో వాన చప్పుడు వినిపిస్తోందే ఇది! ఈ ఊళ్లో దీన్ని ఉరి తీస్తారు," అని కోరల్ బల్ల మీద ఒక్క గుద్దు గుద్దింది. టీగన్‌కు నవ్వు రాబోయి ఆగిపోయింది.

ఆ గుద్దుకు పక్కింటి లాయిడ్ కంచె దాటి వచ్చాడు. ట్రాక్టర్లు బాగుచేసే మనిషి. పొద్దుటినుంచీ ఈ చప్పుళ్లు వింటూనే ఉన్నాడు.

"ఏంటే ముసలీ, గోడ కూలుస్తున్నావా? చెబితే ట్రాక్టరు తెచ్చేవాణ్ణిగా."

"వాగకు లాయిడ్. మాటలు కొడితే మాటలే పడే యంత్రం ఒకటి చూపించు, లేదా ఇంటికి పో."

లాయిడ్ గ్రీజు చేతులు లాగూకు తుడుచుకుని కుర్చీలో కూర్చున్నాడు. కంప్యూటర్లో ఎక్కడో అడుగున ఉన్న దేన్నో రెండుసార్లు నొక్కాడు. ఒక తెల్లని పెట్టె తెరుచుకుంది. పలకరింపు లేదు. బొత్తాలు లేవు. మూలన నల్లటి గీత ఒకటి కొట్టుకుంటోంది.

"ఇందులో ఏముంటుంది?" అంది కోరల్ అనుమానంగా.

"ఏమీ ఉండదు. నేను విడిభాగాల నంబర్లు రాసుకునేది ఇందులోనే. నంబరు మారిందంటే ట్రాక్టరు కదలదు మరి."

"సరిచేయడం, సలహాలు చెప్పడం..."

"దానికి నోరు లేదు."

"ఎక్కడ కొనాలి?"

"కొనేదేంటి నా మొహం, మొదటినుంచీ నీ ఇంట్లోనే పడుంది. దీన్ని అడుక్కి తోసి ఆ సంతని నెత్తికెత్తుకున్నావు."

కోరల్‌కు సంతోషం రావలసింది, కోపం వచ్చింది. నాలుగు రోజుల ఎండ, ముప్పై ఎనిమిది మంది నమ్మకం, ఈ పిల్ల కడుపుకోత, అన్నీ ఆ బొత్తాల కింద నలిగాయి. కావలసింది మాత్రం ఇంట్లోనే ఉంది, ఎవడూ చెప్పలేదు. ఏమీ లేనిదాన్ని అమ్ముకోలేరు గనుక చెప్పరని ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది.

పుస్తకం తెరిచి ఇరవై ఆరో పేజీ తీయబోతే టీగన్ చెయ్యి అడ్డుపెట్టింది.

"అది చూడొద్దు. నేను చెబుతా, నువ్వు కొట్టు. నా కళ్ల ముందు కొట్టు."

లాయిడ్ ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి బయటికి పోయాడు.

టీగన్ తెర వైపు చూస్తూ చెప్పింది. "ఆ రోజు శనివారం. ఇక్కడ తలుపు తియ్యలేదు. పోర్ట్ ఆల్డిన్ దారిలో, ఉప్పుమడుగు మలుపు దగ్గర కారులో పుట్టింది. ఏడ్చింది. నేను విన్నాను. మా ఆయనా విన్నాడు. తర్వాత ఏడవలేదు. అంబులెన్సు వచ్చేసరికి బిడ్డను చొక్కాలో చుట్టి పట్టుకుని కూర్చున్నా. పేరు ఐరిస్ జోన్ షర్మర్."

కోరల్ కొట్టింది. మాట కింద గీత పడలేదు. "ఏడ్చింది" తర్వాత "ఏడవలేదు" ఎందుకని ఎవరూ అడగలేదు. టీగన్ ముందుకు వంగి, మొదటినుంచి చివరిదాకా వేలు పెట్టి చదువుకుంది.

"ఇదింక మారదా?"

"మారదు. మారిస్తే నేనే మార్చాలి. నేను మార్చను."

మిగతా ముప్పై ఏడూ ఆ సాయంత్రానికి పూర్తయ్యాయి. ఈసారి తెర మీద నమ్మకం లేక అన్నీ కాగితం మీద తీసి, ఒక్కొక్కటీ షార్ట్‌హ్యాండు పుస్తకంతో సరిచూసింది.

శుక్రవారం పొద్దున్నే కాటా దగ్గరికి పోయింది. చేతిలో కాగితాల కట్ట, కలం. లారీ మెట్లెక్కి కిటికీలోంచి కాగితం ఇవ్వడం, సంతకం తీసుకోవడం, దిగి పక్క లారీకి పోవడం. జరిగింది చెప్పి ప్రతివాడికీ క్షమాపణ చెప్పింది. ఒకడు నవ్వాడు. ఒకడు మొహం తిప్పుకుని సంతకం పెట్టాడు. బెవన్ నోస్కే తన కాగితం చదువుకుని బుర్ర గోక్కున్నాడు.

"'మీ బాబు తోలతాడా' అన్నానా నేను?"

"అన్నావు."

"గవర్నమెంటు వాళ్లనే?"

"తీసెయ్యమంటావా? నీ మాట, నీ ఇష్టం."

బెవన్ కలం అందుకున్నాడు. "ఉండనీ. సంతకం కొంచెం పెద్దగా పెడతాలే."

కాటా దగ్గరికి రాని ఆరుగురి కోసం పొలాలకే పోవాల్సి వచ్చింది. ముప్పై ఎనిమిదో సంతకం దొరికేసరికి ఒంటిగంటన్నర. అడిలైడ్ రెండున్నర గంటల దారి. టీగన్ బండి తీసింది. దారిలో తినమని లాయిడ్ ఇచ్చిన మాంసం కూరిన కజ్జికాయలు కోరల్ ఒడిలో చల్లారిపోయాయి.

ఆఫీసు ఐదో అంతస్తులో ఉంది. నాలుగు ఇరవైకి కౌంటరు దగ్గరికి చేరారు. రోవెనా అంటే ఎవరో ముసలి గుమాస్తా అనుకుంది కోరల్. చూస్తే ముప్పై ఏళ్లుండవు, చలువగదిలో కూడా అలసిపోయిన మొహం. ఆమె ముందు కూడా ఒక తెర ఉంది.

"నేనిప్పుడు వీటిని ఎక్కించాలండీ. ఒక్కొక్కదానికీ కారణం ఎంచుకోవాలి. దూరం, ఆలస్యం, సిబ్బంది, పార్కింగు, ఇతరములు. ఏది పెట్టమంటారు?"

కోరల్‌కు మళ్లీ ఒళ్లు మండింది. "నన్నడక్కు. చదువు. చదివి నువ్వే చెప్పు."

"నలభై నిమిషాలే ఉందండీ..."

"ఉంది కదా. మేం రెండున్నర గంటలు తోలుకొచ్చాం. చదువు."

పై కాగితం టీగన్‌ది. దాన్ని పైన పెట్టింది కోరల్. రోవెనా చదవడం మొదలుపెట్టింది. మౌసు మీదున్న చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. చదవడం అయిపోయాక కూడా కాగితం కింద పెట్టలేదు. తల ఎత్తి ముందు టీగన్ మొహం చూసింది, తర్వాత పొట్ట చూసింది.

"నిన్న ఫోనులో లెక్కకి ఒకటే అన్నది ఈమెను కూడా కలిపేనా నేను..." అని ఆగిపోయింది.

"అవును," అంది కోరల్. మెత్తగా అనాలనుకోలేదు, అనలేదు.

రోవెనా తెరను పక్కకు తిప్పేసింది. సొరుగులోంచి తేదీ ముద్ర తీసి, సిరాబిళ్ల మీద అద్ది, కాగితం మీదికి తెచ్చి మళ్లీ ఆగింది. పేజీ అంతా అటూ ఇటూ వెతికింది.

"ఎక్కడ వేయమంటావమ్మా?" అని టీగన్‌నే అడిగింది.

టీగన్ వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, ఈ పక్కన. దాని పేరు మీద పడకుండా వెయ్యి."